నది ఒడ్డున అమ్మ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

మగ్గాల పనికి పరాయి రాష్ట్రం వలస వచ్చిన కుటుంబం మాది; ఇక్కడ పల్సానాలో చీరల ప్రింటింగ్ మిల్లులో డిజైన్లకు రంగులు వేస్తాను. మా మిల్లు యజమాని సేఠ్ గదిలో ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది. ఎప్పటిదో యూరప్ చిత్రానికి నకలు. నది ఒడ్డు, గుబురు చెట్లు, సాయంకాలపు పసుపు వెలుగు. గడ్డిలో కూర్చుని పళ్లు తింటూ, వీణలాంటిదేదో వాయిస్తూ తీరిగ్గా ఉన్న మనుషులు. ఒక వానాకాలం గోడ కారి చిత్రం ఒక మూల పాడైతే, బాగుచేయమని నాకూ సదానందం అన్నకూ అప్పగించాడు సేఠ్. నాకు కుంచె పట్టడం నేర్పింది ఆ అన్నే.

అప్పటికి అమ్మ పోయి నెల కాలేదు. లింబాయత్ బస్తీలో ఒంటిగదిలో బతుకంతా మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. సముద్రం చూద్దాం రమ్మంటే, "గీ కండెలెవరు చుడతరు బిడ్డా?" అనేది. పని ముగిసే రోజు అన్న భోజనానికి వెళ్లినప్పుడు ఆ మూల చెట్ల నీడలో అమ్మను వేశాను. ఆకుపచ్చ చీరలో, కాళ్లు చాపుకుని, ఖాళీ చేతులతో.

కొన్నాళ్లకు ఆ దొరల మధ్య చీరకట్టిన ఆడమనిషి సేఠ్ కంటపడింది. అంత బాగా మొహం వేయగలిగేది అన్నే అనుకుని మండిపడ్డాడు. అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పు చెల్లె, నువ్వేనా?"

"నాకేం తెల్వదన్నా."

"మరి గా మొఖం మీ అమ్మ లెక్కనే ఉందేంది?"

నేను కుంచెలు కడుగుతూ ఉండిపోయాను. ఆయన సేఠ్‌కు నా పేరు చెప్పలేదు. ఆ సాయంత్రమే ఆయన పని పోయింది. మర్నాడు, అమ్మ మీద పొద గీయమని సేఠ్ నాకే చెప్పాడు. గీశాను.

ఎందుకు నోరు మెదపలేదు? తమ్ముడి చదువు కోసమనీ, ఇంటి అద్దె కోసమనీ నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. అవేవీ కావు. భయపడ్డాను, అంతే. నా భయానికి అన్న పక్కనున్న జోల్వాలో మగ్గాల మధ్య చేరాడు. మళ్లీ కుంచె పట్టలేదు. ఈ తప్పు నాది, ఎవరికీ పంచను.

కానీ అమ్మను వేయడం తప్పని మాత్రం నాతో ఎవరూ అనిపించలేరు. తీరిగ్గా కూర్చునే హక్కు ఆ చిత్రంలోని దొరలకే ఉందా? ఎవరిచ్చారు?

పోయిన ఆదివారం జోల్వా వెళ్లి అన్నకు చెప్పాను. "గప్పుడు చెప్పాల్సింది," అని మగ్గం వైపు తిరిగాడు. కూర్చోమనలేదు.

ఈ పొద్దున సేఠ్ ముందు నిలబడ్డాను. ఆ బొమ్మ వేసింది అన్న కాదు, నేనే, మళ్లీ అయినా వేస్తానని చెప్పాను. రేపు పని ఉంటుందో లేదో తెలియదు. చెప్పేశాను.