లామినేషన్ చేయించింది నేను

నాలుగేళ్ల కింద మా హైస్కూల్లో ఒక ఏడో తరగతి పిల్ల టాబ్ పాడుచేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న కొత్తగా వచ్చిన సైన్స్ టీచరమ్మ టాబ్‌లు కావాలని అడిగితే, స్టాఫ్‌రూంలో మా లెక్కల సారు మళ్లీ అదే మొదలుపెట్టాడు.

"పిల్లల చేతికిస్తే ఇంతే సంగతులు మేడం. ఒకామె గుండెనే బంద్ చేసింది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కథ కట్టింది నేనే.

అప్పట్లో మా బడికి ఆరు టాబ్‌లు, వాటితో బొమ్మల కార్డులు వచ్చాయి. కార్డు మీది గుండె బొమ్మకు కెమెరా చూపిస్తే, తెర మీద ఆ గుండె కార్డులోంచి లేచి కొట్టుకునేది. చుట్టూ తిరిగి చూడొచ్చు, లోపల కవాటాలు తెరుచుకోవడం చూడొచ్చు. ఏళ్ల తరబడి నేను బోర్డు మీద గీసిన గుండె గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ వారం మాత్రం బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. కాశిబుగ్గ నుంచి వచ్చే ఒక నేతన్న బిడ్డ అందరికంటే ముందుండేది. రక్తం ఎటు పోయి ఎటు వస్తుందో టాబ్ పట్టుకుని తరగతికంతా చెప్పేది. జిల్లా సైన్స్ ఫెయిర్‌కు ఆమెనే పంపాలనుకున్నాం.

ఇంతలో ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. మా బడుల్లో వస్తువును వాడటం కన్నా దాచటం ముఖ్యం. కార్డు నలిగితే నన్నడుగుతారని, ముందురోజు జిరాక్స్ షాపుకు పోయి అన్నిటికీ లామినేషన్ చేయించాను. హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు కూడా.

మరునాడు ఆఫీసరు ముందు గుండె లేవలేదు. ఆ అమ్మాయి టాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"సార్, ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైట్ మెరుస్తాంది. కెమెరాకు బొమ్మ కనవడ్తలేదు. లైటు బంద్ చేస్తె వస్తది సార్" అంటూ స్విచ్చి వైపు నడిచింది.

"నిన్ను అడిగిన్నా? కూచో" అన్నాను.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఏం సార్, మీ గుండె ఆగిపోయినట్టుంది. దవాఖానకు తీస్కపోవాల్నా?"

తరగతి నవ్వింది. "నిన్నటిదాంక మంచిగనే ఉండె సార్. ఈ పిల్లనే ఏదో నొక్కి ఖరాబు చేసింది" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

"నేనేం నొక్కలె సార్" అంది ఆ అమ్మాయి. సారు మాట ముందు పిల్ల మాట ఎవరికి కావాలి?

అందరూ వెళ్లాక లైటు ఆపి చూశాను. గుండె లేచి కొట్టుకుంది. నోరు మూసుకుని టాబ్ తీసుకుపోయి హెడ్మాస్టరుకు అప్పగించాను. పిల్లలెవరూ ముట్టరాదని ఆయన అప్పటికే నోటీసు రాసి పెట్టాడు. టాబ్‌లు బీరువాలోకి పోయాయి. ఫెయిర్‌కు వేరే పిల్లవాడు థర్మాకోల్ అగ్నిపర్వతం పట్టుకుపోయాడు. బీరువాలో బ్యాటరీలు ఉబ్బి తెరలు ఊడిపోయాయి. ఆ తర్వాత వచ్చిన పిల్లలంతా నా సుద్దముక్క గుండెనే చూశారు. సిగ్గులేని మనిషిని, వాళ్లకు శ్రద్ధ లేదని తిట్టాను కూడా.

మొన్నటి నవ్వు విన్నాక ఆ అమ్మాయి ఇంటికి పోయాను. ఇంటర్‌లో సీఈసీ చదువుతోంది. ఎందుకు సైన్స్ తీసుకోలేదని అడిగే ముఖం నాకు లేదు. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను.

"పోనీయుండ్రి సారు, చిన్నప్పటి ముచ్చట. చాయ్ తాగుండ్రి" అంది తల్లి.

అమ్మాయి గడప దగ్గరే నిలబడి ఉంది. "లైటు సంగతి నాకు అప్పుడే తెల్సు సార్. మల్ల నాకు చెప్పుడెందుకు? క్లాసు మొత్తం ముందట అన్నరు. ఇప్పుడు మా ఇంట్ల చెప్తె ఎట్ల?"

స్టాఫ్‌రూంలో చెప్పాను. "పాతయి తవ్వకుండ్రి సార్, టాబ్‌లు ఎందుకు మూలకు పడ్డయని పైనోళ్లు మనల్నే అడుగుతరు" అన్నాడు హెడ్మాస్టరు. అడగనీ. ఎవరో ఒకరు అడగాల్సిందే.

ఆ తరగతి పిల్లలు ఇప్పుడు హనుమకొండలో, కాజీపేటలో తలో కాలేజీలో ఉన్నారు. అందరినీ మళ్లీ ఒక్క గదిలో కూచోబెట్టడం నావల్ల కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు నవ్విన వాళ్లెవరైనా చదివితే ఒక్కటి తెలుసుకోండి, ఆమె ఏదీ పాడుచేయలేదు. కారణం చెప్పింది, అది సరైన కారణం. అబద్ధమాడింది మీ సైన్స్ సారు.