కొవ్వొత్తితో అతికించిన పాకెట్టు

సీలు విప్పని పాత పాకెట్టని చెప్పి, విప్పి మళ్లీ అతికించినదాన్ని ఇంటర్నెట్‌లో ఒకడు నాకు అంటగట్టాడు.

తొంభైలలో రాయగడలోని మా కిరాణా కొట్లో క్రికెటర్ల బొమ్మల కార్డుల పాకెట్లు అమ్మేవాణ్ని. మా అమ్మాయి సుగుణ ఒక్కటి విప్పుతానని ఎంత బతిమాలినా, "అమ్మకం సరుకు ముట్టకమ్మీ" అని కసిరేవాణ్ని. ఆ బాధ నాలో ఉండిపోయింది. అందుకే 2008లో ఆమె పుట్టినరోజుకి అలాంటి పాత పాకెట్టే నెట్ సెంటర్‌లో వెతికించి తెప్పించాను.

చేతిలోకి తీసుకోగానే ఒళ్లు మండింది. కంపెనీ సీలుకి సన్నని గీతలుంటాయి. దీని అంచు ఉండకట్టి, మసిబారి ఉంది. పల్లీల పాకెట్లు కొవ్వొత్తి సెగకి అతికించి బతికినవాణ్ని, నాకు తెలియదా? కొనేవాళ్లు ముందే ఆ అంచు ఫొటో దగ్గరగా తీయించి చూసుకోవాలి.

"ఎంత మోసగాళ్లే అమ్మీ! మన కొట్లో ఏనాడైనా ఇలాటి పాకెట్టు సూసేవా?" అన్నాను.

సుగుణ ఆ అంచుని వేలితో తడిమి చూసింది. అప్పుడంది:

"తిట్టనంటే సెప్తాను నాన్నా. సిన్నప్పుడు నువ్వు భోజనానికెళ్తే పాకెట్లు విప్పి, బొమ్మలు సూసి, నీ కొవ్వొత్తితోనే అతికించేసీదాన్ని. అవన్నీ నువ్వే అమ్మేవు!"