పంతొమ్మిదో వరుస

ఎమ్మిగనూరు, 1989 జనవరి 9, సోమవారం.

ఆదోనిలో పుస్తకాలకు జిల్దు కట్టే అన్న గురువారం ఉదయం చనిపోయాడు. ఆ సాయంత్రమే ఖననం అయింది. నాకు ఇక్కడ కబురు అందేసరికి శుక్రవారం. శనివారం మూడో రోజు ప్రార్థనలకు, జియారత్‌కు, వెళ్ళి, ఆయన ఇంట్లోవాళ్ళను పలకరించి వచ్చాను.

ఆదోనిలోని మన పాఠశాల సంచికకు పాత ఉపాధ్యాయులు ఏదైనా రాయాలని నెల కిందటే అడిగారు. క్రమశిక్షణ గురించి రాద్దామనుకున్నాను. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఆయన బతికి ఉన్నప్పుడే చెప్పవలసిన సంగతి ఒకటి పదిహేనేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది.

జిల్దు అంటే తెలియని పిల్లలకు: విడి కాగితాలను వరుసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి పుస్తకంగా చేయడం. ఆయన అంగడి పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఒక గది. లోపల కాగితాలను బిగించే ఇనుప ప్రెస్సు, దాని పక్కన ఒక పీట. ఆయన ఎప్పుడూ ఆ పీట మీదే కూర్చునేవాడు. వెనక వంటగదిలో ఆయన భార్య, వదిన, మైదా పిండితో బంక కాచేది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు. ఆ గదిలోకి అడుగుపెడితే ఉడికిన పిండి వాసన, కొత్త అట్ట వాసన కలిసి వచ్చేవి. దారిన పోయే పత్తి బండ్ల నుంచి దూది ఎగిరివచ్చి బంక మీద వాలేది. "అల్లా నా బుక్కులకు రజాయి కుట్టిస్తాండాడు" అనేవాడు.

ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడేవాడు గాని అక్షరాలు రావు. అట్ట మీద అంటించే చీటీల మీద పేర్లు నాచేతే రాయించుకునేవాడు. నేను రాసి ఇస్తే తలకిందులుగా అంటించకుండా పైవైపు సుద్దతో ఒక చుక్క పెట్టుకునేవాడు. "నీ అక్షరాలు బాగుండాయని అందరూ అంటారు టీచరమ్మా. నాకు మాత్రం చీమలు పారినట్టుండాయి" అని నవ్వేవాడు.

ఇక ఆ సంగతి. 1973లో కాగితానికి కరువు వచ్చింది. జూన్‌లో రావలసిన అచ్చు హాజరు పట్టీలు రాలేదు. నేను పెద్ద తెల్ల కాగితపు తావులు కొని, స్కేలుతో గీతలు గీసి, పదో తరగతికి నేనే పట్టీ తయారు చేసుకున్నాను. రెండు నెలలకు ఒక తావు. మొదటి తావులో ఎడమవైపు నలభై మూడు మంది పిల్లల పేర్లు, పైన తేదీలు రాశాను. తరువాతి తావుల్లో పేర్లు, వరుస అంకెలు రాయలేదు. నలభై మూడు పేర్లు మళ్ళీ మళ్ళీ రాయడం దండగ అనుకున్నాను. ఏ వరుస ఎవరిదో నాకు కంఠతా వచ్చు అన్న ధీమా ఒకటి. పిల్ల వస్తే ఒక గీత, రాకపోతే ఖాళీ. నేను అంకెలు పిలిస్తే పిల్లలు పలికేవారు.

జులై ఆఖరున పంతొమ్మిదో పిల్ల, వాళ్ళ నాన్నకు బదిలీ అయి, సర్టిఫికెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఆగస్టు తావులో పంతొమ్మిదో వరుస మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, ఆ వరుస వదిలేస్తూ వచ్చాను.

1974 ఫిబ్రవరిలో పబ్లిక్ పరీక్షకు పంపే పిల్లల హాజరు లెక్క తీశాను. నెలనెలా లెక్క కట్టవలసింది ఒకేసారి కట్టాను. నూటికి డెబ్బై ఐదు లేనివారిని పరీక్షకు పంపకూడదు. నలభై మూడో పిల్లకు అరవై నాలుగే వచ్చింది. ఆ పిల్ల హొళగుంద నుంచి రోజూ బస్సులో వచ్చేది. బడిలో అందరికన్నా ఆలస్యంగా చేరింది కాబట్టి పట్టీలో చివరి వరుస ఆమెది. వానలప్పుడు బస్సు రాక మానిన రోజులు కొన్ని ఉన్నాయి. అందుకే ఆ ఖాళీలు చూసి నాకు అనుమానం కలగలేదు.

పిల్లను పిలిచి చెప్పాను. "నేను వచ్చినాను టీచర్. దసరా అయినాక ఒక్క దినం గూడా మానలేదు" అంది.

"రిజిస్టరులో లేదు" అన్నాను.

మరునాడు వాళ్ళ నాన్న వచ్చాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. కన్నడం కలిసిన తెలుగు ఆయనది.

"మేడమ్, పాపను దినా బస్సు ఎక్కించేది నేనే. ఎక్కిన పాప యాడికి పోతాది?"

"అది నన్ను అడిగితే ఏం లాభం? పట్టీలో ఉన్నదే నేను రాయగలను."

"ఈ తూరి పరీక్ష లేకుంటే మల్ల పంపేదానికి నాతో కాదు మేడమ్. సేన్లో పనికి పోతాది. అంతే. ఇంకేం లేదు."

బెదిరింపుగా అనలేదు. ఉన్న మాట అన్నాడు. పట్టీ ఎప్పుడూ అబద్ధం చెప్పదని నేను ఆయనకు చెప్పి పంపాను. ఆ వాక్యం నాకు ఇంకా వినబడుతూ ఉంటుంది.

జాబితా సోమవారం కర్నూలు పోవాలి. శనివారం మధ్యాహ్నం పట్టీని జిల్దు అన్న దగ్గరికి తీసుకువెళ్ళాను. తనిఖీకి వచ్చేవాళ్ళ ముందు కుట్టు ఊడిన కాగితాలు పెట్టడం నాకు ఇష్టం లేదు.

"ఏం టీచరమ్మా, పిల్లోళ్ళ మీద కోపం కాగితాల మీద సూపినావా? అన్నీ ఊడి ఉండాయి" అన్నాడు.

"మాటలు తర్వాత అన్నా. సాయంత్రానికి కావాలి."

ఆయన పద్ధతి ఒకటి ఉంది. కుట్టే ముందు తావులన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, బల్లకు తట్టి అంచులు సమం చేసేవాడు. తరువాత విసనకర్రలా జరిపి, గీతకు గీత కలిసిందా అని చూసేవాడు. గీత కలవకపోతే కుట్టేవాడు కాదు. ఆ రోజు అలా జరిపి చూస్తూ ఆగిపోయాడు.

"టీచరమ్మా, ఈ ఎర్రగీత వరుస ఎవరిది?"

"వెళ్ళిపోయిన పిల్లది."

"పోయిన పిల్ల నడమ మల్ల వచ్చిందా?"

"రాలేదు. ఎందుకు?"

"ఈడ సూడు. రెండో తావు నుంచి ఈ వరుస ఖాళీ. బాట మాదిరి పోతాండాది. ఈ ఒక్క తావులో మాత్రం బాట తెగింది. వరుస నిండుగా ఉండాది. అడుగున ఇంకో వరుస ఖాళీ పడింది. మల్ల కడపటి తావులో బాట మొదటి జాగాకే వచ్చింది. పోయిన పిల్ల రెండు నెలలు వచ్చి, అడుగు పిల్ల రెండు నెలలు మానిందా?"

అక్టోబరు, నవంబరు తావు అది. ఆ తావులో పంతొమ్మిదో వరుస మీద నేను ఎర్రగీత కొట్టలేదు. ఎందుకు మరిచానో ఇప్పటికీ చెప్పలేను. పద్దెనిమిది పిలిచి, పంతొమ్మిది లేదు కాబట్టి ఇరవై పిలిచేదాన్ని. పిలుపు సరిగానే ఉంది. చెయ్యి మాత్రం పద్దెనిమిది కింద ఉన్న వరుసలోనే గీత పెట్టింది. అక్కడి నుంచి ఇరవై నాలుగు మంది పిల్లలు ఒక్కో వరుస పైకి జరిగారు. ఒకరి హాజరు ఇంకొకరికి పోయింది. చాలామందికి నాలుగైదు రోజుల తేడా. అడుగున ఉన్న పిల్లకు మాత్రం రెండు నెలలూ పోయాయి. ఎడమవైపు పేర్లు ఉండి ఉంటే మొదటి రోజే కంటపడేది.

ఆ గదిలోనే నేల మీద కూర్చుని మళ్ళీ లెక్క కట్టాను. వదిన టీ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది. హొళగుంద పిల్లకు ఎనభై రెండు వచ్చింది. రెండోసారి లెక్క కట్టాను. అంతే వచ్చింది.

"అన్నా, నువ్వు పేర్లు కూడా చదవలేదే" అన్నాను.

"సదివింటే నేనూ నీ మాదిరే నమ్మేటోన్ని. పోయినోళ్ళ వరుస ఖాళీగానే ఉండాల టీచరమ్మా. దాంట్లోకి ఎవురు జరిగినా, అడుగునోళ్ళకు జాగా లేకుండా పోతాది."

సోమవారం జాబితాలో ఆ పిల్ల పేరు చేర్చి పంపాము. పట్టీలో ఎర్ర సిరాతో తప్పు దిద్ది, సంతకం చేశాను. ప్రధానోపాధ్యాయురాలు సిబ్బంది అందరి ముందూ, "పంపబోయే ముందు మళ్ళీ సరిచూసుకున్నారు చూడండి, జాగ్రత్త అంటే అది" అన్నారు. చూసింది నేను కాదని అనలేదు. మరుసటి రోజు చెప్పవచ్చు అనుకున్నాను. మరుసటి రోజు చెప్పలేదు.

అన్న కూడా ఎవరికీ చెప్పలేదు. వేసవి సెలవుల్లో మాత్రం నన్ను పిలిపించి ఒక కొత్త పట్టీ చేతిలో పెట్టాడు. మొదటి ఆకు, చివరి ఆకు నిండు కొలత. మధ్య ఆకులన్నిటికీ పైఅంచు, బయటి అంచు కోసి ఉన్నాయి. మొదటి ఆకు లోపలివైపు, ఎడమ అంచున పేర్లు రాస్తే చాలు. తేదీలు పైన ఒక్కసారి రాస్తే చాలు. ఏ నెల ఆకు తిప్పి వేసినా అది పొట్టిగా ఉంటుంది కాబట్టి పేర్లనూ తేదీలనూ కప్పదు. ఏడాదంతా ఆకులు తిరుగుతాయి, పేర్లు కదలవు.

"ఇప్పుడు నలభైమూడు పేర్లు మల్ల మల్ల రాసే పని లేదు. నీ సోంబేరితనానికి మందు" అన్నాడు. నన్ను సోమరి అన్న మనిషి ఆయన ఒక్కడే.

నేను ఉద్యోగం విరమించేదాకా అటువంటి పట్టీలే వాడాను. ఇప్పుడు మనవరాళ్ళ టీకాల పుస్తకం కూడా ఆయన కోసి ఇచ్చినదే.

హొళగుంద పిల్ల పరీక్ష పాసయింది. టైపు నేర్చుకుని ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో చేరింది. పోయిన ఏడు ఆ ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. చూడటానికి రమ్మని నన్నూ, అన్ననూ పిలిచింది. తెర మీద పత్తి బేళ్ళ పట్టిక. ఎడమవైపు బేలు గుర్తులు, పైన బరువు, తేమ, వచ్చిన ఊరు. కిందికి పోతే పైన ఉన్న ఆ మాటలు కనబడకుండా పోతున్నాయి. కుడికి పోతే గుర్తులు పోతున్నాయి. అందుకని ఆ అమ్మాయి తెర పైఅంచున ఒక కాగితపు చీలిక మీద శీర్షికలు రాసి అంటించుకుంది.

"గాజుకు బంక పూసినావా? నా అంగడి పేరు సెడగొడతాండావే" అన్నాడు అన్న.

"అంటించినాక తెలిసింది అన్నా. కుడికి జరిపితే నా చీటీ అబద్ధం చెప్తాది. తేమ కింద ఊరి పేరు వస్తాంది" అని నవ్వింది. తరువాత కాగితం పీకేసి, కంప్యూటరుతో వచ్చిన పుస్తకంలో చూసి నేర్చుకున్న ఉపాయం చూపించింది. శీర్షికలకు కింద, గుర్తులకు కుడిపక్క ఉన్న గడిలో నిలిచి రెండు మూడు మీటలు నొక్కింది. ఆ తరువాత ఎంత కిందికి పోయినా, ఎంత కుడికి పోయినా పైవరుస, ఎడమ వరుస కదలలేదు.

అన్న ముందుకు వంగి చాలాసేపు చూశాడు. "ఏ గడిలో నిలిచినావు? మల్ల సూపు" అన్నాడు. చూపించింది.

"సరే. నేనూ కత్తి ఆ మూలనే పెడతాను" అన్నాడు. బయటికి వచ్చాక నాతో, "వాళ్ళది కోసే పని లేదు టీచరమ్మా. చెత్త మిగలదు" అన్నాడు. కొంచెం అసూయ వినబడింది.

ఆ రోజైనా ఆ అమ్మాయికి చెప్పవలసింది. శనివారం జియారత్ నుంచి ఇద్దరం బయటికి వచ్చాక బస్టాండులో చెప్పాను. ఎమ్మిగనూరు బస్సు ఒకటి వదిలేసి మొత్తం చెప్పాను.

"టీచర్, పదిహేనేండ్లుగా ఉగాదికి వచ్చి మీ కాళ్ళకు మొక్కుతాండాను. సగం అన్నకు పోవల్సింది గదా."

"సగం కాదు" అన్నాను.

"మీరు మొదట్లోనే చెప్పింటే ఆయనకు ఒక్కసారైనా మొక్కేదాన్ని."

అందుకే ఇది అచ్చులో ఉండాలి. ఇక జరగవలసినవి రాస్తున్నాను. సంబంధించినవారు గమనించాలి.

1. 1973-74 పదో తరగతి హాజరు పట్టీని పాత కాగితాలతో పాటు పారవేయకూడదు. నేను పాఠశాలకు వచ్చి, నా ఎర్ర సంతకం పక్కన, తప్పు కనిపెట్టింది జిల్దు అన్న అని రాసి తేదీ వేస్తాను. ప్రధానోపాధ్యాయురాలు అనుమతి ఇవ్వాలి.

2. జూన్ కోసం మూడు పాఠశాలలు ఇచ్చిన పట్టీలు ఆయన అంగడిలో సగంలో ఉన్నాయి. కుట్టు వదినకు వచ్చు. అంచు ఎక్కడ కోయాలో ప్రెస్సు చెక్క మీద ఆయన గీసిన గాట్లు ఉన్నాయి. పని వేరేచోటికి మార్చవద్దు.

3. అట్టల మీది చీటీలు ఎప్పటిలాగే నేను రాస్తాను. పైవైపు చుక్క కూడా నేనే పెడతాను.

4. కొత్తగా చేరిన ఉపాధ్యాయులు ఎవరైనా, వరుసలన్నీ తనకు కంఠతా వచ్చని అంటే, ఈ పేజీ చదివించాలి.

5. గది ఇరుకుగా ఉందని, ఆయన కూర్చునే చోటికి ప్రెస్సు జరుపుదామని వదిన శనివారం నన్ను అడిగింది. అప్పుడు చూద్దాంలే అని వచ్చేశాను. ఇప్పుడు చెబుతున్నాను. జరపవద్దు వదినా. ఆ పీట అక్కడే ఉండాలి. దాని మీద దూది వాలితే తుడుచుకుందాం.