ఫ్రెంచి హారనులో ఊపు

మొన్న డుంబ్రిగుడ సంత నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, మా కోడలు ఫోను తెచ్చి "మావయ్యా, మీరు వాయించినది ఇదే కదా?" అని నా మొహం ముందు పెట్టింది. నిజమే, ఫ్రెంచి హారను. ఇత్తడి గొట్టాన్ని జంతికలా చుట్టి, చివర పెద్ద నోరు తెరిచిన వాయిద్యం. ఏ దేశమో తెలియదు, సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి ఒకడు స్వరాన్ని నిలబెట్టి దాన్ని సన్నగా ఊపుతున్నాడు. ఆ ఊపునే వైబ్రాటో అంటారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా ఆ ఊపు ఊదినందుకే కదా నన్ను రెండేళ్లు కాల్చుకు తిన్నారు! "తీసెయ్ దాన్ని" అని అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయి లోపలికి వెళ్లిపోయింది. పాపం, దానికేం తెలుసు.

నాకు ఊదడం నేర్పింది మా పెద్దయ్య, మా నాన్నకు అన్న. మా కొండల్లో ఆడే థింసా ఆటకు మోరి ఊదేవాడు. మోరి అంటే సన్నాయికి కొండ చుట్టం అనుకోండి. ఆయన పాఠంలో సరిగమలు లేవు, అసలు మాటలే తక్కువ. అరచెయ్యి నా పొట్ట మీద వేసి కూర్చునేవాడు. స్వరం ఊగాలంటే ఊపిరి కడుపులోంచి ఊగాలి. ఊగకపోతే అదే చేత్తో ఒక్కటిచ్చేవాడు, పొద్దున తాగిన అంబలి గొంతులోకి వచ్చేది. "పాట ఊగితేనేరా కాలు ఊగతాది" అనేవాడు. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా ఆడుతుంటే, ఆ మాట నిజమేనని నాకూ తెలిసేది.

తర్వాత పోలీసు బెటాలియన్ బ్యాండులో ఉద్యోగం వచ్చింది. ట్రంపెట్లన్నీ ముందొచ్చినవాళ్లు పట్టుకుపోగా, ఎవరికీ అక్కర్లేని హారను నాకు మిగిలింది. మొదటి రోజు ప్రాణం పెట్టి ఒక పొడుగు స్వరం ఊదాను. బ్యాండు మాస్టారు కొండ కింది మైదాన ప్రాంతపు మనిషి, మీసాలతోనే సగం ఆజ్ఞలు ఇచ్చేవాడు. "ఏటోయ్ ఆ వణుకు? కొండ మీంచి మలేరియా తెచ్చీసేవేటి?" అన్నాడు. బ్యాండంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి నేను హారను ఎత్తితే చాలు, ఎవడో ఒకడు "మాత్ర ఇవ్వండ్రా" అనేవాడు. హారను స్వరం నిలకడగా, తిన్నగా ఉండాలట, ఊపితే పాపమట. మానకపోతే తాళాలు కొట్టడానికి పంపేస్తానని ప్రతి పెరేడు ముందూ బెదిరించేవాడు మాస్టారు. ఊదడం తప్ప నాకు ఇంకో విద్య లేదు. పొట్టకు తువ్వాలు బిగించి కట్టుకుని, కడుపు కదలకుండా రోజూ సాధన చేశాను. రెండేళ్లు పట్టింది. చివరికి ఒక పెరేడు నాడు తిన్నగా ఊదితే "ఇప్పుడు మడిసివయ్యావు" అన్నాడు. నేను పొంగిపోయాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

ఆ ఏడే మా చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టి, మాస్టారిని బతిమాలి హారను ఊరికి పట్టుకెళ్లాను. పెద్దయ్య మోరి పక్కన నిలబడి దర్జాగా అందుకున్నాను. నాలుగు అడుగులు వేశారో లేదో, ఆడవాళ్ల వరస తడబడింది. పెద్దయ్య మోరి దించాడు. "ఏటిరా ఇది, రైలింజను కూత లాగుంది! రైలు కూతకి ఎవులాడతారు?" అన్నాడు. పెళ్లివారంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆడవాళ్లంతా మళ్లీ మోరికే ఆడారు. నేను తిరిగి బయల్దేరేటప్పుడు మాత్రం ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఆ ఇత్తడిలో మన ఊపు ఒక్కపాలి ఇనిపించరా, సాలు" అన్నాడు. వచ్చే సెలవుకి తప్పకుండా అన్నాను.

ఎక్కడిది! తువ్వాలు విప్పేశాను గాని కడుపు కట్టెలా బిగుసుకుపోయింది. మోరి చేతికి తీసుకున్నా అంతే. ప్రతి సెలవుకీ ఒక సాకు చెప్పాను. హారను ఇవ్వలేదన్నాను, పెదవి పగిలిందన్నాను. ఆఖరికి పెద్దయ్య మంచం పట్టాడు, చెవులు సగం పోయాయని కబురొచ్చింది. హారను పట్టుకుని పరుగెత్తాను. నాకు ఒక చిట్కా తెలుసు. హారను చివరనున్న పెద్ద నోట్లో దూర్చి పట్టుకునే కుడిచేతిని కాస్త అటూ ఇటూ కదిపితే స్వరం ఊగినట్టే ఉంటుంది. ముసలాయన చెవులకు ఆ తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. మంచం పక్కన కూర్చుని ఊదాను, చెయ్యి కదిపాను. ఆయన కళ్లు మూసుకుని, అరచెయ్యి తెచ్చి నా పొట్ట మీద వేశాడు.

చాలాసేపు అలాగే ఉంచాడు. "సెయ్యి ఊగతంది గాని, కడుపు ఊగట్లేదురా గుంటడా" అన్నాడు. కొట్టలేదు. కొడితే బాగుణ్ణు. ఆ ఏడే, కాఫీ పళ్లు కోసే రోజుల్లో పోయాడు.

రిటైరయ్యాక పాత హారను ఒకటి కొనుక్కుని, ఇప్పటికీ పొద్దున్నే అరుగు మీద కూర్చుని తంటాలు పడుతుంటాను. మా ఆవిడ "ఇంక ఊరుకోవయ్యా, కోళ్లు బెదిరిపోతన్నాయి" అంటుంది. మాస్టారి మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఆ తువ్వాలు బిగించుకున్న చేతులు నావే కదా. ఊపు పోగొట్టుకోవడానికి నాకు రెండేళ్లు సరిపోయాయి, దాన్ని వెతకడానికి ముప్పయ్యేళ్లయినా చాలలేదు. వినాలనుకున్న మనిషి మాత్రం అంతకాలం ఆగలేకపోయాడు.