ఎడమ చేతి ఆట

డయాలసిస్ గదిలో మూడో మంచం టైలరుది. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు. ఎడమ చేతి రక్తనాళం పాడయ్యాక సూదులు కుడి చేతికి గుచ్చుతున్నారు. ముప్ఫై ఏళ్లు కత్తెర ఆడించిన ఆ చెయ్యి ఇప్పుడు కదపకూడదు. అందుకే పొట్టమీద దిండుకు ఫోన్ ఆనించుకుని, ఎడమ బొటనవేలితో బురుజుల ఆట ఆడతాడు. అవతల ముక్కూ మొహం తెలియని మనిషెవరో సైన్యాన్ని తోలతాడు. ఇవతల ఈయన దారి పొడవునా బురుజులు కట్టి కోటను కాపాడుకోవాలి. కొత్తవాళ్లు దారి మొదట్లోనే అన్నీ కట్టేసి చేతులు కాల్చుకుంటారు. ఈయన మాత్రం శత్రువును మలుపు దాకా రానిచ్చి, ముందు మంచు చిమ్మే బురుజుతో కాళ్లకు బంధం వేస్తాడు. ఆ తర్వాతే ఫిరంగులు. ఆడుతున్నంతసేపూ గోడ గడియారం వైపు చూడడు. ఆట ముగిసిన మరుక్షణం మాత్రం, "ఇంకెంతసేపమ్మా?" అని నర్సును అడుగుతాడు.

ఆ రోజు ఎదుటివాడు గట్టివాడు. కోటకు ఒక్క ప్రాణమే మిగిలింది. సరిగ్గా అప్పుడే మెషిన్ కూసింది.

"అయిపోయింది బాబాయ్, సూదులు తీసేస్తాను" అంది నర్సు.

"ఒక్క రెండు నిమిషాలు ఉంచమ్మా."

ఆమె నవ్వింది. "నాలుగేళ్లలో మీరు ఉంచమనడం ఇదే మొదటిసారి."

ఆయనా నవ్వబోయాడు. తానన్న మాట అప్పుడు చెవికెక్కింది. బొటనవేలు ఆగిపోయింది, సైన్యం కోటలోకి దూరిపోయింది. ఆయన ఫోన్ బోర్లించి, "తీసెయ్యమ్మా, దుకాణానికి పోవాలి" అన్నాడు.

దుకాణం మూతపడి రెండేళ్లయిందని ఆమెకు తెలుసు. "అలాగే బాబాయ్" అంటూ సూదులు తీసి దూది అదిమిపట్టింది.