మాట ఆగితే చెయ్యి ఆగాలి

మా బావమరిదిని సైటులో అందరూ డేగ అంటారు. అంతెత్తున క్రేను గదిలో కూర్చుని, కింద నా చొక్కాకి గుండీ ఊడితే చెప్పేస్తాడు. కానీ గోడల వెనక ఉన్నది డేగకైనా కనపడదు కదా! అక్కడ వాడికి కళ్లు నేనే. కింద నిలబడి రేడియోలో దారి చెబుతుంటాను. "దించు, దించు, ఒరేయ్ మెల్లగా, కొంపలేం మునిగిపోలేదు, దించు..." అంటూ బరువు నేలని తాకేదాకా నా నోరు మూతపడదు. అది నా వాగుడు కాదండోయ్, మా పనిలో పద్ధతి. రేడియో చెడినా, చెప్పేవాడు కూలబడినా పైవాడికి తెలిసేది అలాగే. మాట ఆగితే చెయ్యి ఆగాలి. వాడు పనిలో చేరినప్పుడు చెవి మెలిపెట్టి మరీ నేర్పిన మొదటి పాఠం అది.

వాడు మా ఇంట్లోనే పక్క గదిలో ఉంటాడు. పగలంతా పైన ఒంటరిగా కూర్చుంటాడా, దిగొచ్చాక కూడా తలుపేసుకుని ఫోనులో గేము. పైనుంచి దిమ్మెలు దిగుతుంటాయి, సరిపోయే ఖాళీ ఆకుపచ్చగా వెలుగుతుంది, అందులో కూర్చోబెట్టాలి. "రోజంతా చేసిందే మళ్ళీ చేస్తావేంట్రా?" అంటే, "ఇందులో నీ తిట్లుండవు బావా" అని నవ్వేవాడు.

ఒకసారి భోజనాల దగ్గర చేతిలో గిన్నెతో అలాగే ఉండిపోయాడు. "బావా, ఆ రెండు గిన్నెల మధ్య ఆకుపచ్చగా వెలుగుతోంది" అన్నాడు.

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. "అయితే అక్కడే పెట్టరా తమ్ముడూ, నాకు సర్దే పని తప్పుతుంది" అంది.

వాడు మాత్రం నవ్వలేదు. తర్వాత నేను అడిగితే "పోయిందిలే" అన్నాడు. ఎక్కడ పోయింది! బస్సులో సీట్ల మధ్య, అల్మారాలో బట్టల మధ్య, కళ్లు మూసుకుంటే రెప్పల వెనక కూడా అదే వెలుగట. చెబితే పిచ్చోడంటారని, క్రేను ఎక్కనివ్వరని లోలోపల కుమిలిపోయాడు. ఆ భయం మరిచిపోవడానికి మళ్ళీ అదే గేము పట్టుకునేవాడట, పిచ్చి సన్నాసి. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు కాంక్రీటు గోడ పలక ఒకటి ఎత్తాం. దాన్ని, అప్పటికే నిలబెట్టిన రెండు గోడలు దాటించి, అవతల ఖాళీ జాగాలో దించాలి. "ఎడమకి, ఎడమకి, ఇంకా ఎడమకి" అని చెబుతూ నడుస్తున్నాను. ఆ రెండు గోడల మధ్య సందులోకి మా వెల్డరు ఎప్పుడు దూరాడో ఏమో! ముఖానికి ముసుగు, చెవులకి మూతలు, వంగి తన పనేదో తను చేసుకుంటున్నాడు. పలక సరిగ్గా ఆ సందు మీదికొచ్చి నిలిచింది. నేను చెప్పకుండానే దిగడం మొదలుపెట్టింది.

"ఆపు! ఒరేయ్ ఆపు! కింద మనిషున్నాడు!"

ఆగలేదు. తాడు జారితే పలక ఊగుతుంది. ఇది ఊగడం లేదు. నీటుగా, కొలిచినట్టు దిగుతోంది. అంటే వాడే దించుతున్నాడు! గొంతు చించుకుని అరిచాను, బూతులు తిట్టాను, బతిమాలాను. దిగుతూనే ఉంది. ఇక లాభం లేదని రేడియో విసిరేసి సందులోకి పరిగెత్తాను. వెల్డరు కాలికి కేబులు చుట్టుకుంది, ఎంత లాగినా మనిషి రాడు. ఇద్దరి మీదా నీడ పడింది. మా ఆవిడ గుర్తొచ్చింది. కళ్లు మూసుకున్నాను.

ఏమీ కాలేదు. తలెత్తి చూస్తే పలక మా నెత్తి మీద, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఆగి ఉంది.

వాడు దిగొచ్చాడు. లాగి ఒక్కటి ఇద్దామని చెయ్యెత్తాను గానీ, ఆ ముఖం చూసి కొట్టలేకపోయాను.

"ఆ సందు ఆకుపచ్చగా వెలిగింది బావా."

"ఆపమని అంతలా అరిస్తే వినపడలేదా?"

"వినపడింది. నా చెయ్యి వినలేదు."

"మరి ఎలా ఆపావురా?"

"నీ మాట ఆగిపోయింది" అన్నాడు. "చెయ్యి దానంతటదే ఆగింది" అని నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎవరూ అడక్కముందే ఇంజనీరు దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి, క్రేను తాళాలు బల్ల మీద పెట్టేశాడు. డాక్టరమ్మకి చూపిస్తే, పిచ్చీ గిచ్చీ ఏమీ కాదంది. రాత్రనకా పగలనకా ఒకటే పని చేస్తే కళ్లూ చేతులూ దాన్నే పట్టుకుని వేలాడతాయట. గేము జోలికి పోవద్దు, కంటినిండా నిద్రపో, నలుగురిలో తిరుగు అని చెప్పింది. ఇప్పుడు వాడు కింద నా పక్కనే, బరువులకి తాళ్లు కడుతున్నాడు. వెలుగు చాలావరకు పోయిందంటున్నాడు. నమ్ముతున్నాను.

పోనిది ఒకటుంది. అన్నం తింటూ నేను కబుర్ల మధ్యలో క్షణం ఆగితే చాలు, వాడి చేతిలో ముద్ద నోటి దాకా వెళ్లి అక్కడే నిలిచిపోతుంది. ముఖంలో నెత్తురుచుక్క ఉండదు. నేను మళ్ళీ మాట అందుకునేదాకా తినడు.

"అబ్బబ్బ, తినేటప్పుడైనా కాస్త నోరు మూసుకోండి" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

ఎలా మూసుకోను?

"తిను, తిను, ఒరేయ్ మెల్లగా, కొంపలేం మునిగిపోలేదు, తిను..." అంటూనే ఉంటాను.