బాదంపప్పు ఎవరి బుగ్గలో ఉంది

మా వదిన ఇంగెలీసెకి క్రిస్మస్ అంటే భయం. దేవుడంటే లేదు, మా అన్నయ్య టోర్‌కిల్ అంటే అసలే లేదు. మా ఊరు లెమ్విగ్ రేవులో చేపల వేలం దగ్గర అంతంత మగాళ్లను ఒక్క చూపుతో పక్కకి జరిపిన మనిషి. అలాంటిది, నవంబరు గాలి మొదలయ్యేసరికి ఆమెకి నిద్ర పట్టదు. బాతు లోపల ఉడుకుతుందో లేదో, ఎర్ర క్యాబేజీ పులుపెక్కుతుందేమో, కూతురు సిస్సెల్ తన అత్తగారి వంటతో పోల్చి చూస్తుందేమో. పెళ్లయిన మొదటి ఏడు మా అమ్మ ఆమె చేసిన గ్రేవీ రుచి చూసి, ఏమీ అనకుండా గిన్నె పక్కకి నెట్టింది. అమ్మ పోయి ఎన్నో ఏళ్లయినా, అమ్మ ఇచ్చిన తెల్లటి బల్లగుడ్డ పరిచినప్పుడల్లా వదిన బిగుసుకుపోతుంది. మా దగ్గర భోజనం కాగానే వండినవాళ్లకి థాంక్స్ చెబుతాం. మేం థాంక్స్ అంటే ఆమె "గ్రేవీ పలచబడింది" అని బదులిస్తుంది. అదీ ఆమె పండగ.

ఆ ఏడు పండక్కి నేను వాళ్లింటికి వెళ్లేసరికి వంటిల్లు పొగగా ఉంది. బంగాళాదుంపలు చక్కెర పాకంలో దొర్లుతున్నాయి. వదిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"కాసేపు కూర్చో వదినా. బాతు ఎక్కడికీ పారిపోదులే."

"నువ్వు కూడా మొదలెట్టకు. సాస్ గిన్నె ఎక్కడ పెట్టానో కనబడి చావడం లేదు."

అన్నయ్య ఆమె భుజం మీంచి మూకుడులోకి తొంగి చూశాడు. "బంగాళాదుంపలు మాడాయి."

"నాకు కళ్లు లేవా? ఒక్క పండగన్నా వంక పెట్టకుండా ఉండలేవు కదా. ఇవాళ బల్ల దగ్గర నోరు మెదిపావంటే చూడు."

అన్నయ్య నాకేసి కన్నుకొట్టి, నోటికి తాళం వేసుకున్నట్టు వేళ్లు తిప్పి వెళ్లిపోయాడు.

భోజనాల్లో ఆయన నిజంగానే మాట్లాడలేదు. వదినని ఆటపట్టిస్తున్నాడనుకున్నాం. బాతు అయింది, చివరికి పాలన్నం వచ్చింది. మీగడ కలిపి, బాదం పలుకులు వేసి, పైన వేడి చెర్రీ సాస్ పోసుకుని తింటాం. అందులో బాదంపప్పు ఒక్కటే ఒక్కటి విడదీయకుండా వేస్తారు. అది దొరికినవాళ్లు బుగ్గలో దాచుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. ముందే బయటపెడితే మిగతా పాలన్నం ఎవరూ తినరు మరి. బహుమతిగా బాదం పిండితో చేసిన పందిపిల్ల మిఠాయి ఉంటుంది. దానికోసం పెద్దవాళ్లం కూడా సిగ్గు లేకుండా ఒకరి మూతులొకరం చూసుకుంటాం.

"మామయ్యకి దొరికేసింది," అన్నాడు సిస్సెల్ మొగుడు యెప్పె. "ఆ మూతి చూడండి."

అన్నయ్య పెదవి ఒక పక్కకి జారి ఉంది. బుగ్గ వేలాడుతోంది.

"నాన్నా, ఏటేటా ఇదే నటన," అంది సిస్సెల్. "ఈసారి బాగా కుదిరింది."

అన్నయ్య ఏదో అనబోయాడు. ముద్దగా ఒక శబ్దం వచ్చింది. అందరం విరగబడి నవ్వాం.

ఆయన చేతిలోంచి చెంచా జారింది. ఎర్రటి చెర్రీ సాస్ అమ్మ బల్లగుడ్డ మీద పాకింది. ఆయన అటు చూడనైనా లేదు. వదిన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. గుడ్డ పాడైందని కాబోలు అనుకుని, "పోనీలే వదినా, ఉతికితే పోతుంది," అన్నాను.

ఆమె తన నోట్లో వేలు పెట్టి ఏదో తీసి, ఆ మరక పక్కన పెట్టింది. నిండు బాదంపప్పు.

"ఇది నా దగ్గరుంది," అంది. "మొదటి చెంచాలోనే వచ్చింది. టోర్‌కిల్ నోట్లో ఏమీ లేదు."

యెప్పె ఫోన్ కోసం పరిగెత్తాడు. సిస్సెల్ తండ్రి కుడిచేయి పట్టుకుని, "నాన్నా, నా వేళ్లు నొక్కు. కొంచెం నొక్కు," అంటోంది. వదలగానే ఆ చెయ్యి తడిగుడ్డలా ఒళ్లో పడింది. వదిన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"మాట్లాడు. నోరు మెదపొద్దన్నది ఉత్తినే అన్నాను. తిట్టు, వంక పెట్టు, ఏదో ఒకటి అను."

ఆయన కళ్లు ఆమెనే చూస్తున్నాయి. ఆమె అనేదంతా ఆయనకి అర్థమవుతోంది. దానికే నాకు ఇంకా భయం వేసింది. బయట సముద్రపు గాలి తలుపులు బాదుతోంది. చప్పుడైనప్పుడల్లా అంబులెన్స్ అనుకుని లేచేదాన్ని. కాదు, గాలే. క్రిస్మస్ చెట్టు మీది కొవ్వొత్తులు వెలిగించనే లేదు. పోతాడేమో, మేం నవ్వుతుండగా పోయినవాడవుతాడేమో అని ఒకటే ఆలోచన.

ఆస్పత్రి వరండాలో వదిన ఏప్రన్‌తోనే కూర్చుంది. లవంగాల వాసన వస్తోంది. పక్షవాతమనీ, వెంటనే తెచ్చారు కాబట్టి ప్రాణానికి ఫర్వాలేదనీ, మాట సంగతి ఇప్పుడే చెప్పలేననీ అంది డాక్టరమ్మ.

"ఒక్క మాట కూడా రాదా?" అని వదిన అడిగింది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మరుసటి ఏడాది వదిన బాతు, బంగాళాదుంపలు, పాలన్నం మాత్రమే వండింది. క్యాబేజీ కొన్న సీసాలోది. అదే బల్లగుడ్డ, మరకతో సహా. బాదంపప్పు దొరికినవాళ్లు ఆ క్షణమే చెప్పేయాలని కొత్త నియమం పెట్టింది. అన్నయ్య కర్ర పట్టుకుని నడిచొచ్చి కూర్చున్నాడు. నెలల తరబడి ఆయన నోట "ఊ" తప్ప మేం విన్నది లేదు. ఆమెకి క్రిస్మస్ అంటే భయం పోయింది. ఆయన మౌనమంటేనే భయం. కాసేపు ఆయన ఊ అనకపోతే ఆమె చేతిలో పని ఆగిపోతుంది.

ఆ రోజూ ఆగింది. "టోర్‌కిల్, ఏదైనా అను."

ఆయన నమలడం ఆపాడు. మెడ నరాలు పొంగాయి.

"బంగా... ళాదుంపలు," అన్నాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మాడాయి."

వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత ముక్కు తుడుచుకుని, కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది.

"అవును, మాడాయి," అంది. "ఇంకా ఏమేం బాగాలేదో చెప్పు."